దొంగ కోసం కాదు

రైలింజనుకు స్టీరింగు ఉండదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టిన పిల్లలకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. బండి ఎంత జోరుగా పోవాలో డ్రైవరు చూసుకుంటాడు. ఏ లైన్లోకి పోవాలన్నది మాత్రం కేబిన్లో ఉన్న మనిషి చేతిలో ఉంటుంది. మా నాన్న అలాంటి కేబిన్లో లీవర్లు లాగినవాడు. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వేలో గ్యాంగుమనిషిగా చేరాడు. 1887లో పుట్టిన ఆ కంపెనీ నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా తూర్పుకు లైను వేసుకుంటూ పోయింది. 1931లో రాయపూర్, విజయనగరం కలిశాక మనవాళ్లకి ఈ దిక్కు ఇంకా దగ్గరైంది. ఇప్పటికీ బుధవారి బజారులో కూరలు బేరమాడుతుంటే వెనకనుంచి తెలుగు వినబడినా ఎవరూ తిరిగి చూడరు, అంత మామూలు. పట్టాల మీదే బతికిన ఆ ఇంట్లో స్టీరింగు పట్టిన మొదటివాణ్ణి నేను.

అందుకేనేమో, స్టీరింగుకు తాళం వేయడమన్నది నాకు చాలాకాలం మింగుడుపడలేదు. తలుపుకు వేస్తాం, బీరువాకు వేస్తాం. వాటి వెనక దాచుకున్నదేదో ఉంటుంది. స్టీరింగు వెనక దాచేదేముంది? అడిగితే అందరిదీ ఒకటే జవాబు: దొంగ. ఆ జవాబు సగమే నిజమని ఇప్పుడు నా నమ్మకం. ఆ సగం కూడా చిన్న సగం.

తోర్వాలో ఒక మెకానిక్ కుర్రాడున్నాడు. వాళ్ల తాత కూడా మా వైపువాడే. కుర్రాడికి తెలుగు రాయడం రాదు, మాట్లాడితే మాత్రం పలాస పొలిమేర దాటినట్టుండదు. మధ్యమధ్య హిందీ, ఛత్తీస్‌గఢీ దూరుతుంటాయి, అంతే. నా పాత కారు తాళంచెవి ఇంజను తిరుగుతుండగానే చేతిలోకి ఊడి వస్తోందని అతని దగ్గరికి వెళ్లాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మోకాలు తగిలి గుత్తి మొత్తం కిందపడింది. ఇంజను మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంది. పక్కన మా ఆవిడ, "పోనీలెండి, దొంగకి శ్రమ తగ్గించారు" అంది. నేనూ ఆ భయంతోనే వెళ్లాను.

కుర్రాడు గుత్తి చేత్తో తూచి చూశాడు. "ఏటి బాబాయ్, దొంగ సంగతి తర్వాత సూద్దాం. బండి పరిగెడతన్నప్పుడు ఇది వెనక్కి తిరిగి లాక్ పడిపోతే ఏటి సేస్తారు?"

నేను మాట్లాడలేదు. అసలు ఆ ప్రశ్న ఒకటుందని నాకు తోచలేదు.

స్టీరింగు కింద ప్లాస్టిక్ ముసుగు విప్పితే, స్టీరింగు కడ్డీ ఉండే కాలమ్‌కి ఒక పక్కన పోత పోసిన లోహపు డొల్ల ఒకటి కనబడుతుంది. దాన్నే హౌసింగ్ అంటారు. చూడ్డానికి కందగడ్డలా ఉంటుందిగానీ, లోపల మూడు వేర్వేరు ఉద్యోగాలు జరుగుతుంటాయి. ముందువైపు సిలిండరు: తాళంచెవి గాట్లను చదివి, ఇది మన మనిషేనా కాదా తేల్చేది. వెనకవైపు స్విచ్చి: బ్యాటరీ కరెంటును ఇగ్నిషన్‌కీ, స్టార్టరుకీ, మిగతావాటికీ పంచేది. పక్కన, కాలమ్‌ను ఆనుకుని, స్ప్రింగు మీద కూర్చున్న ఉక్కు మేకు: చెవి తీసేశాక స్టీరింగు కొంచెం తిప్పితే 'టక్' మని కాలమ్ గాడిలోకి దిగేది అదే. చెవి ఒక్కసారి తిప్పితే ఈ ముగ్గురూ కదలాలి, అదీ వరస తప్పకుండా. ముందు మేకు వెనక్కి పోవాలి, తర్వాత కరెంటు రావాలి, చివర స్టార్టరు తిరగాలి. ఆపేటప్పుడు ఇదే తలకిందులు. చాలా కార్లలో చెవిని లోపలికి నొక్కితే తప్ప లాక్ గుర్తు దాకా తిరగదు. చెవి బయటికి వస్తే తప్ప మేకు దిగదు. దొంగ మీద అనుమానంతోనే అయితే ఇన్ని షరతులు అక్కర్లేదు, మేకు ఒక్కటీ చాలు. మిగతా షరతులన్నీ చెవి చేతిలో ఉన్న సొంతదారు కోసం పెట్టినవి.

సిలిండరు ఒక్కటే అరిగితే సన్నటి సూదితో పిన్ను నొక్కి లాగేసి కొత్తది పెట్టొచ్చు. నా కారులో డొల్ల కూడా అరిగిపోయింది. షాపులో లాక్ సెట్ కొంటే తలుపులకీ డిక్కీకీ కలిపి ఒకే చెవి వస్తుంది. అది తెచ్చి ఇచ్చాను. కుర్రాడు ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి పక్కన పెట్టి, టీ తాగుదాం రమ్మన్నాడు. ఆ టీ బద్ధకం కాదు. తీగ తీసినా ఎయిర్‌బ్యాగు పెట్టెలో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది. అది దిగిపోయాకే కాలమ్ దగ్గర చెయ్యి పెట్టాలి.

తర్వాత చూపించాడు, పాత హౌసింగ్‌ను పట్టుకున్న రెండు బోల్టుల్ని. వాటికి తలలు లేవు. పానా పట్టేందుకు అంచు లేదు, స్క్రూడ్రైవరుకు గాడి లేదు. కంపెనీలో బిగించినప్పుడే తెగిపోయాయి, తెగాలనే చేశారు. తల కింద మెడ సన్నగా చేసి, ఇంత బలానికి తెగిపోవాలని లెక్కగట్టి తయారుచేస్తారు. ఒక్కసారి బిగించడానికే, విప్పడానికి కాదు. విప్పాలంటే చిన్న ఉలిని అంచున ఏటవాలుగా పెట్టి, ఎదురు దిక్కుకి సుత్తితో కొట్టుకుంటూ తిప్పాలి. లేదా డ్రిల్లు పెట్టాలి. దొంగకి అంత తీరిక ఉండదని లెక్క. మెకానిక్‌కి మాత్రం అది సగం పూట పని.

కొత్త హౌసింగ్‌ను కాలమ్ మీద కూర్చోబెట్టి, కొత్త బోల్టుల్ని చేతి బలంతోనే బిగించి ఆగాడు. ఎందుకు ఆగావన్నాను. "తెంచేస్తే తెగిపోద్ది బాబాయ్. ముందు మీరు కూసోని సూడండి." కూర్చున్నాను. చెవి పెట్టి ఒక్కో గుర్తు దగ్గర ఆపించాడు. స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పించాడు. మేకు ఎక్కడా రాసుకోకూడదు. చెవి తీయించి లాక్ వేయించాడు, మళ్లీ తీయించాడు. మధ్యలో ఒకచోట బిగుతుగా ఉందంటే, బోల్టు కాస్త సడలించి డొల్లను వెంట్రుకవాసి జరిపాడు. ఇంత జరిగాక పానా వేసి ఒక్కొక్కటీ బిగించాడు. టక్. టక్. తెగిన తలలు రెండూ నా చేతిలో పెట్టాడు, లెక్క అప్పజెప్పినట్టు. రిపేరు పుస్తకాల్లోనూ ఇదే వరస రాసి ఉంటుంది: ముందు వదులుగా బిగించు, లాక్ పనిచేస్తోందో చూడు, ఆ తర్వాతే తల తెగేదాకా తిప్పు. మన పెళ్లిచూపులు కూడా ఇలాగే పెట్టారు కాబోలు, ఆచరణలోనే పరీక్ష తగ్గి బిగింపు ఎక్కువైంది.

ఇక దొంగ సంగతి. అతనికి రావలసిన వాటా ఇచ్చేద్దాం.

పాత కార్లలో ఇగ్నిషన్‌కి ఒక స్విచ్చి, స్టార్టరుకు వేరే బటను ఉండేవి. చెవి తిప్పితే ఇంజను అందుకునే పద్ధతిని 1949లో క్రైస్లర్ తెచ్చింది. అప్పటికి తాళం డ్యాష్‌బోర్డు మీదే. దాన్ని కాలమ్ మీదికి దింపి, స్టీరింగును కూడా బిగించే పద్ధతిని జనరల్ మోటార్స్ 1969 మోడళ్లకు పెట్టింది. 1970 నుంచి అమెరికాలో, చెవి తీస్తే స్టీరింగో బండి ముందుకు కదలడమో ఆగిపోయే ఏర్పాటు తప్పనిసరి. జర్మనీ వాళ్లు అంతకుముందే, 1960ల మొదట్లో, పాతా కొత్తా తేడా లేకుండా అన్ని కార్లకూ తాళాలు పెట్టించారు, దొంగతనాలు తగ్గాయి. బ్రిటన్ 1971లో కొత్త కార్లకు మాత్రం చాలన్నది. 1976లో వాళ్ల హోం శాఖ అధ్యయనం చేసి చూస్తే తేలిందేమంటే, కొత్త కార్లు పోవడం బాగా తగ్గింది, పాత కార్లు పోవడం ఆ మేరకు పెరిగింది. దొంగ మానలేదు, పక్కింటికి వెళ్లాడు. తాళం కొనుక్కోగలిగినవాడి దొంగతనం కొనుక్కోలేనివాడి నెత్తికెక్కిందన్నమాట. మొన్న మొన్న, 2022 ప్రాంతంలో, అమెరికాలో కుర్రాళ్లు కియా, హ్యుందయ్ కార్ల కాలమ్ ముసుగు పీకి, సిలిండరు ఊడదీసి, యూఎస్‌బీ తీగ మొనతో తిప్పి పట్టుకుపోయారు. ఆ వీడియోలు చూసి ఇంకొందరు నేర్చుకున్నారు. ఆ మోడళ్లలో చెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజరు లేకపోవడమే కారణం. అరవై రూపాయల తీగ ముందు ఉక్కు మేకు నిలవలేదు.

బయటి దొంగ విషయంలో తాళం చేయగలిగింది ఇంతే, అతన్ని కాస్త ఆలస్యం చేయడం, లేదా పక్కకి పంపడం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కారులో ఆ ఇంటి దొంగ మన మరుపే. ఈశ్వరుడి మాట నాకు తెలియదుగానీ, సరిగ్గా చేసిన తాళం మాత్రం వాణ్ణి పట్టగలదు. అదే తప్పితే ఏమవుతుందో జనరల్ మోటార్స్ కథ చెబుతుంది.

ఆ కంపెనీ చిన్న కార్లలో, షెవర్లే కోబాల్ట్, శాటర్న్ అయాన్ లాంటివాటిలో, చెవిని ఆన్ గుర్తు దగ్గర నిలిపి ఉంచే ప్లంజరు, దాని స్ప్రింగు కావలసినంత బలంగా లేవు. గుత్తి బరువుగా ఉన్నా, మోకాలు తగిలినా, గతుకులో బండి ఎగిరినా చెవి వెనక్కి జారేది. ఇంజను ఆగిపోయేది. దాంతో స్టీరింగు, బ్రేకు బరువెక్కిపోయేవి. ఎయిర్‌బ్యాగులకు కరెంటు అందక, గుద్దుకున్నప్పుడు విచ్చుకునేవి కావు. 2005 డిసెంబరులో కంపెనీ డీలర్లకు ఒక సూచన పంపింది: గుత్తిలో అనవసరమైనవి తీసేయమని కొన్నవాళ్లకు చెప్పండి. 2006లో స్విచ్చిని మెరుగుచేశారు, పార్టు నంబరు మాత్రం పాతదే ఉంచారు. దాంతో ఏ కారులో మంచిదుందో, ఏ కారులో చెడ్డదుందో వెతికేవాళ్లకు ఏళ్లతరబడి అంతు చిక్కలేదు. 2014లో ఇరవయ్యారు లక్షల కార్లను వెనక్కి పిలిచారు. పరిహార నిధి 124 మరణాలకు ఆ స్విచ్చినే బాధ్యురాలిగా ఒప్పుకుంది. ఇదంతా జరిగిన కార్లను దొంగలు ఎత్తుకుపోలేదు. తాళాలు దొంగల్ని ఆపుతూనే ఉన్నాయి. సొంతదార్లనే గాలికి వదిలేశాయి.

ఈ కథ చదివాక కారు చెవి వేలాడే మా ఇంటి గుత్తి తీసి చూశాను. గోద్రెజ్ బీరువా చెవి, ట్రంకుపెట్టె చెవి, ఎప్పుడో ఖాళీ చేసిన క్వార్టరు చెవి, సింహాచలం అప్పన్న బొమ్మ ఉన్న ఇత్తడి బిళ్ల. రైల్వే కుటుంబాల్లో గుత్తి ఎంత బరువుంటే అంత సంసారం ఉన్నట్టు. మెకానిక్ కుర్రాడు దాన్ని చేత్తో ఎందుకు తూచాడో అప్పుడు తెలిసింది.

రైల్వేవాళ్లు మరుపును పట్టే ఈ రెండో రకం తాళం విషయంలో కార్లవాళ్లకంటే చాలా ముందున్నారు. బొగ్గు మోసే అరవై వ్యాగన్ల బండిని ఎవడు ఎత్తుకుపోతాడు? ఎత్తుకుపోయి ఎక్కడ దాస్తాడు? అయినా రైల్వేలో అడుగడుగునా తాళాలే. పాత తరహా కరెంటు ఇంజన్లలో లోకో పైలట్ చేతికి బీఎల్ కీ అని ఒక చిన్న చెవి వస్తుంది. ఇంజనుకు రెండు కొసలా రెండు కేబిన్లు, చెవి మాత్రం ఒకటే. ఈ కేబిన్లో స్విచ్చులు మూసి చెవి తీస్తేనే ఆ కేబిన్లో తెరవగలడు. ముందుకా వెనక్కా అన్నది తేల్చే రివర్సరు పిడి సున్నా దగ్గరుంటేనే ఊడి చేతికి వస్తుంది. కొత్త ఇంజన్లలో ఇంకా ముచ్చటైన ఏర్పాటు. నెత్తిమీద ఇరవై అయిదు వేల వోల్టుల తీగ. లోపల హైవోల్టేజి పెట్టె తెరవాలంటే ముందు ఆ తీగను తాకే పాంటోగ్రాఫ్ దిగాలి. దిగితే ఒక చెవి విడుదలవుతుంది. ఆ చెవి పెడితేనే ఎర్తింగు స్విచ్చి తిరుగుతుంది. అది తిరిగితేనే పెట్టెల చెవులు బయటికి వస్తాయి. తొందరలో ఉన్నవాడు, నిద్రమత్తులో ఉన్నవాడు, నాకన్నీ తెలుసనుకునేవాడు, ముగ్గురూ ఒకే వరసలో నడవాల్సిందే.

ఒంటి లైన్ల మీద టోకెన్లదీ ఇదే తీరు. 1874లో ఇంగ్లండులో థోర్ప్ దగ్గర ఒంటి లైను మీద రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయి. తంతి కబుర్లలో జరిగిన పొరపాటు అది. ఆ తర్వాతే ఎడ్వర్డ్ టయర్ 1878లో ట్యాబ్లెట్ యంత్రం తయారుచేశాడు. రెండు స్టేషన్లలో రెండు పెట్టెలు. ఒకదాంట్లోంచి బిళ్ల బయటికి వచ్చిందంటే, అది తిరిగి ఏదో ఒక పెట్టెలోకి చేరేదాకా ఇంకొకటి రాదు. బిళ్ల చేతిలో లేని డ్రైవరు కదలకూడదు. మన రైల్వేలో ఈ కుటుంబానికి చెందిన నీల్స్ బాల్ టోకెన్ పెట్టెలు తరాలపాటు పనిచేశాయి. ఇనప గోళాన్ని వెదురు రింగుకు కట్టిన సంచిలో వేసి నడిచే ఇంజనుకు అందించడం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు.

మా నాన్న కేబిన్లో లీవర్లు పక్కపక్కనే ఉండేవి. నేల కింద వాటి కడ్డీలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేవి. ఒక దారికి సిగ్నల్ లాగాక, దాన్ని అడ్డగించే దారి లీవరు ఎంత గుంజినా రాదు. 1856లో జాన్ సాక్స్‌బీ పేటెంటుతో మొదలైన ఆలోచన ఇది. చిన్నప్పుడు అన్నం పట్టుకెళ్లినప్పుడల్లా వేలాడి చూసేవాణ్ణి. నాన్న నవ్వేవాడు. "దీనికి నామీద నమ్మకం లేదురా. అందుకే నాకు పట్టపగలు డ్యూటీ దిగినా నిద్ర పడుతుంది" అనేవాడు. యంత్రం తనని అనుమానించడాన్ని ఆయన అవమానంగా ఎన్నడూ అనుకోలేదు.

ఆయన లీవర్లలో ఒకటి, బండిని ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి మళ్లించే పాయింటు లాక్‌ది. పట్టా ఒక పక్కకి ఒరిగాక, దాన్ని కలిపే కడ్డీ గాడిలోకి ఇనప బోల్టు దిగాలి. అది దిగితేనే సిగ్నల్ లీవరు వదులుతుంది. స్టీరింగు కాలమ్‌లో మేకూ గాడీ చూసినప్పుడు నాకు వెంటనే తట్టింది ఇదే. సరుకు అదే, ఇనుము, గాడి. పని మాత్రం పూర్తిగా ఎదురు. రైల్లో దారి బిగుసుకున్నాకే బండి కదులుతుంది. కారులో దారి విడుదలయ్యాకే కదులుతుంది. కదిలే బండి కింద పాయింటు విడిపోతే రైలు పట్టాలు తప్పుతుంది. కదిలే కారులో మేకు దిగితే కారు రోడ్డు తప్పుతుంది. ఈ రెండు ప్రమాదాల్లో ఎక్కడా దొంగ లేడు. ఉన్నదల్లా పని చేసే మనిషి, అరిగే ఇనుము.

ఇప్పుడు కార్లలో చెవి పోయి మళ్లీ బటను వచ్చింది. జేబులో చెవి ఉంటే చాలు, తిప్పే పని లేదు. దొంగల మాట ఎలా ఉన్నా మరుపుకు ఇది మంచి రోజు. చెవి తిప్పి చేతిలోకి తీసుకోవడమే ఇంజను ఆగిందనడానికి సాక్ష్యంగా ఉండేది. ఆ సాక్ష్యం పోయింది. అమెరికాలో ఇంటికి ఆనుకున్న గరాజులో, చప్పుడు లేని ఇంజను ఆపడం మరచి లోపలికి వెళ్లిపోయి, కార్బన్ మోనాక్సైడు ఇంట్లోకి పాకి నిద్రలోనే పోయినవాళ్లున్నారు. సౌకర్యం పేరుతో తీసేసింది ఒక చిన్న ఇబ్బందినే. ఆ ఇబ్బందే కాపలా కాస్తోందని ఆలస్యంగా తెలిసింది. నన్నడిగితే, దశాబ్దాలపాటు నడిచిన ఆ పాత చెవిదే తెలివైన పద్ధతి అంటాను. మా అబ్బాయి ఒప్పుకోడు. వాడికి బటను కారే కావాలి.

మీ కారుకు ఇంకా చెవి ఉంటే, చదును నేల మీద ఆపి, గేరు తీసేసి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను తిరుగుతుండగా చెవిని మెల్లగా లాగి చూడండి. రాకూడదు. వస్తే రేపటికి వాయిదా వేయకండి. గుత్తిలో కారు చెవి తప్ప ఇంకేదీ ఉంచకండి, దేవుడి బిళ్ల డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నా ఆయన ఏమీ అనుకోడు. కొత్త హౌసింగ్ వేయిస్తే, బోల్టు తలలు తెగకముందే సీట్లో కూర్చుని స్టీరింగు రెండు కొసలకీ తిప్పి చూడండి. తెగాక బాగోలేదంటే మెకానిక్ మళ్లీ ఉలి తీయాల్సిందే, రెండోసారి కూలీ మీదే.